రెండో ఆట

అడవి నడిబొడ్డున నక్క ఒక్క బొరియలో జూదపు సత్రం పెట్టింది. ఓడినవాళ్ల బొరియలు కలుపుకుంటూ పోతే అది నూరు గదులైంది. పాచికలు నక్క మాటే వినేవి. కొత్తవాళ్లని మొదటి ఆట గెలిపించడం అక్కడి ఆనవాయితీ. ఆ రుచి మరిగి వాళ్లు రెండో ఆటలో ఇల్లు పోగొట్టుకునేవాళ్లు.

అచ్చమ్మ అనే ముళ్లపంది వాళ్లమ్మ బొరియ కూడా అలాగే పోయింది. కడుపు మండి అచ్చమ్మ ఒకరోజు నక్క ముందు కూర్చుంది.

"మా అమ్మ బొరియ పందెం కాయి, మామా. ఓడితే నా బొరియ తీసుకో."

నక్క లోలోపల నవ్వుకుని, అలవాటు కొద్దీ ఓడింది. "రెండో ఆట వేద్దామా, అమ్మాయ్?"

"రెండో ఆట మా అమ్మ ఎప్పుడో ఆడేసింది," అని అచ్చమ్మ లేచిపోయింది.

సత్రం ఇంకా పెరుగుతూనే ఉంది. నట్టనడుమ ఒక్క గుమ్మంలో మాత్రం ముళ్లు నిక్కబొడుచుకుని ఉంటాయి. అక్కడికొచ్చేసరికి నక్క అంతటిదీ తోక ముడుచుకుని పక్కనుంచి పోతుంది.