పాలాకు

ముసలావిడ అడగకుండానే బుట్టలో చెయ్యి పెట్టింది.

టైలరమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఏంటి పెద్దమ్మా ఇది? గంటసేపు నడుం వంచి కోసుకున్నాను."

"ఉండు తల్లీ, ఒక్క నిమిషం."

ముసలావిడ ఒక్కో కాడా విరిచి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. కొన్ని తిరిగి బుట్టలో వేసింది. ఓ గుప్పెడు మాత్రం తన సంచిలోకి తోసింది.

"ఇవి మంచివి కావు."

"మంచివి కాకపోతే నీ సంచిలోకి ఎందుకు?"

"ఇక్కడ పారేస్తే ఇంకెవరో ఏరుకుంటారు."

టైలరమ్మ నమ్మలేదు. అక్కడ ఎవరూ నమ్మలేదు.

బట్టల ఫ్యాక్టరీ మూతపడి అయిదు నెలలైంది. కుట్టు మిషన్ల మీద పనిచేసిన ఆడవాళ్ళంతా ఇప్పుడు ఫ్యాక్టరీ వెనక ఖాళీ స్థలంలో కలుపు కోసుకుంటున్నారు. రంపం అంచుల ఆకు, బోలు కాడ, చిన్న చిన్న పసుప్పచ్చ పువ్వులు. విరిస్తే తెల్లగా పాలు కారుతాయి కాబట్టి పాలాకు అనేవారు. చేదే. కానీ రెండు నీళ్ళు మార్చి, ఉప్పేసి ఉడికిస్తే గొంతు దిగుతుంది. మొదట్లో ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడేవాళ్ళు. ఆకలి ముందు సిగ్గు ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ముసలావిడ ఎక్కణ్ణుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు. ఫ్యాక్టరీ మూసిన వారానికే వీధి చివర ఓ గది అద్దెకు తీసుకుంది. రోజూ గేటు దగ్గర నిలబడి అందరి బుట్టలూ కెలికేది.

ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టారు.

"నోట్లో నాలుగు పళ్ళు లేవు, సంచి మాత్రం నిండాలి," అనేది ఇస్త్రీ చేసే ఆవిడ. అందరూ నవ్వేవాళ్ళు.

వానలు పడ్డాక ఆ సంచి మరీ నిండసాగింది. ఒకరోజు ముసలావిడ టైలరమ్మ బుట్టలోంచి సగానికి సగం తీసేసింది.

ఇంట్లో ఆరేళ్ళ కూతురు ముందురోజు రాత్రి నుంచి ఏమీ తినలేదు. టైలరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

"పసిపిల్ల నోటి దగ్గర కూడు లాక్కోవడానికి నీకు చేతులెలా వస్తున్నాయి?"

సంచి పట్టుకుని లాగింది. ముసలావిడ తూలి కింద పడింది.

వాచ్‌మన్ పరుగున వచ్చాడు. "ఏమైందమ్మా?"

"ఈవిణ్ణి రేపట్నుంచి లోపలికి రానివ్వకు అన్నా."

నలుగురూ అదే మాట అన్నారు.

ముసలావిడ మెల్లగా లేచింది. మోచెయ్యి గీరుకుపోయింది. అది చూసుకోలేదు.

"విరిచి చూడమ్మా. పాలు రాకపోతే పొయ్యి మీద పెట్టకు."

"ఆకులు మాకు కొత్తా? నువ్వు వెళ్ళిరా," అంది టైలరమ్మ.

ఆవిడ మళ్ళీ రాలేదు. బుట్టలు నిండుగా ఇళ్ళకు చేరాయి.

మూడు వారాలకు టైలరమ్మ కూతురి పొట్ట కుండలా ఉబ్బింది. కాళ్ళూ చేతులూ పుల్లలయ్యాయి. ఆకలని ఏడ్చే పిల్ల అన్నం చూస్తే మొహం తిప్పుకుంటోంది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "ఏం తింటోంది?"

టైలరమ్మ తల దించుకుని చెప్పింది.

"ఆ ఆకు తీసుకురండి."

తెచ్చింది. డాక్టరమ్మ బల్ల మీద కాగితం పరిచి కాడలు విరిచింది. కొన్నింటికి పాలు వచ్చాయి. కొన్నింటికి రాలేదు.

"రెండూ చేమంతి జాతివే. లేతగా ఉన్నప్పుడు అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి. పాలు వచ్చేది తినొచ్చు. పువ్వుకు రేకులు కూడా విచ్చుకుంటాయి. ఇదిగో, దీనికి పాలూ లేవు, రేకులూ లేవు. ఇది కాలేయాన్ని పాడుచేస్తుంది. ఎంత ఉడికించినా విషం పోదు."

"పిల్ల?"

"ఇక్కడే ఉంచాలి. ఎన్నాళ్ళని ఇప్పుడే చెప్పలేను."

టైలరమ్మ చెల్లెల్ని పిల్ల దగ్గర కూర్చోబెట్టి బయటకు పరిగెత్తింది. ముందు ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళింది. ఎవరినీ అడగకుండా బుట్టల్లో చెయ్యి పెట్టింది. ఒక్కో కాడా విరిచింది.

"నీకేమైనా పట్టిందా?" అంది ఇస్త్రీ చేసే ఆవిడ.

టైలరమ్మ చెప్పింది. ఇస్త్రీ ఆవిడ బుట్ట అక్కడే బోర్లించేసింది. ఆమెకూ ఇద్దరు పిల్లలు.

అక్కణ్ణుంచి వీధి చివర గదికి వెళ్ళింది టైలరమ్మ. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంది. కాళ్ళు పట్టుకోవాలి. రేపట్నుంచి నువ్వే గేటు దగ్గర నిలబడు పెద్దమ్మా అని బతిమాలాలి.

గది ముందు ఇంటావిడ నిలబడి ఉంది.

"ఎవరికోసం? ఆవిడ మొన్న పోయిందమ్మా. రెండు వారాలు మంచం దిగలేదు. నీళ్ళు నేనే పోశాను. ఒక్కరూ తొంగి చూడలేదు."



"ఇక్కడెందుకు ఉంటున్నావని ఓసారి అడిగాను," అంది ఇంటావిడ. "నావల్ల అయినంత తప్పు దిద్దుకోవాలి అంది. అంతకు మించి పెదవి విప్పలేదు."

తలుపు తీసే ఉంది. లోపల ఒక మగమనిషి చెప్పులు లేకుండా నిలబడి ఉన్నాడు. ఖరీదైన చొక్కా నలిగిపోయింది.

అతను ఇటు తిరిగాడు. టైలరమ్మ వెంటనే గుర్తుపట్టింది. ఏడాదికోసారి వేదిక మీద దూరం నుంచి చూసిన మొహం. ఫ్యాక్టరీకి తాళం వేయించిన యజమాని. ఎదురుపడితే అనాలని వీధంతా ఎన్నో మాటలు దాచుకుంది.

అతను పొయ్యి పక్కన బోర్లించిన రెండు గిన్నెల వైపే చూస్తూ అడిగాడు:

"ఇన్నాళ్ళూ మా అమ్మ ఇక్కడ ఏం తినేదో మీకేమైనా తెలుసా?"