పువ్వు కాని రేకు

“అక్కా, ఈ రేకును ఎన్నిసార్లు కాపీ చేసి తిప్పినా పువ్వవడం లేదు. ఉన్నచోటే గిరగిరా తిరుగుతోంది,” అంది చిన్నకోడలు, కంప్యూటర్ ముందు తల పట్టుకుని.

పెద్దకోడలికి కారణం తెలుసు. రేకు ఏ చుక్క చుట్టూ తిరగాలో, ఆ చుక్క రేకు నడుమే ఉండిపోయింది.

“ఏమో, నాకూ తెలీదు,” అంది.

ప్రింటింగు షాపులో ఇన్నాళ్లూ డిజైన్లన్నీ తనవే. ఈ పిల్ల వచ్చాక మామగారి నోట చిన్నకోడలి మాటే.

ఆయన లోపలికి తొంగి చూశారు. “అయిందామ్మా?”

“లేదు మావయ్యా. ఈ పని అక్కకే ఇవ్వాల్సింది. తను వేసే పువ్వులు చూస్తే నాకు కుళ్ళొచ్చేస్తుంది.”

ఆయన నవ్వుతూ వెళ్లిపోయారు. పెద్దకోడలు కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది.

“ఆ చుక్కను రేకు మొదట్లోకి లాగు. ఇప్పుడు తిప్పు.”

రేకులు వరసగా విచ్చుకున్నాయి.

“తెలీదన్నావుగా అక్కా?”

“కుళ్ళు నీకొక్కదానికేనా?”