మీసంతో సహా

పొద్దుట్నుంచీ ఆమె కంప్యూటర్ ముందు కూర్చుని మొగుణ్ణి చెరిపేస్తోంది. చెరిపేకొద్దీ నవ్వాగడం లేదు.

ముందు ఫోటోలో ఆయన వెనకున్న గోడ తీసేసింది. గోడతోపాటు గడియారం, కుర్చీమీద ఆరేసిన తువ్వాలు కూడా పోయాయి. తీసేసిన చోటల్లా తెలుపూ బూడిదరంగూ గళ్ళు వచ్చాయి. అంటే అక్కడ ఇక ఏమీ లేనట్టే. తర్వాత మౌస్ ఆయనగారి బట్టతల మీదికి ఎక్కింది.

"అక్కా, మీసం మాత్రం నేను!" చెల్లెలు మౌస్ లాక్కుంది.

ఒక్క గీత గీసింది. పెళ్ళినాడు ఎంత బతిమాలినా తియ్యనని మొండికేసిన మీసం, సగం ఎగిరిపోయింది! అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరిమీద ఒకరు పడి నవ్వారు.

నవ్వుల సంగతి సరే, గడువు సాయంత్రం ఐదింటికే. ఫోటోలో ఆయన ఆనవాలు గోరంత కనిపించినా అవతలివాళ్ళు ఒప్పుకోరు. ఇప్పటికే ఒకసారి తిరగ్గొట్టారు. ఈసారి కుదిరిందా, ఇక ఆమె తన కాళ్ళమీద తాను నిలబడినట్టే. కుదరకపోతే ఇన్నాళ్ళ పాట్లూ గంగపాలు.

ఫోన్ మోగింది. అత్తగారు.

"ఎంతవరకొచ్చిందే? మావాణ్ణి పూర్తిగా తీసేశావా?"

"మెడ దాకా అయింది అత్తయ్యా."

"చేతులు మర్చిపోకు తల్లీ! పోయినసారి వాడి మోచెయ్యి మిగిలిపోబట్టే కదా కొంప మునిగింది. జాలిపడ్డావంటే నామీద ఒట్టు!"

చేతులు పోయాయి. వెంట్రుకల కాళ్ళు పోయాయి. చెల్లెలు పొట్టమీద వేలు పెట్టింది.

"మరి ఇదో?"

"దాని జోలికెళ్ళకు," అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ. "ఇదంతా ఆ పొట్ట పుణ్యమే కదే!"

ఐదుకి కాస్త ముందు ఫోటో పంపింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టుకుని తెరకేసి చూస్తూ కూర్చున్నారు.

జవాబొచ్చింది. "బాగుంది, ఒప్పుకున్నాం. మిగతావి కూడా ఇలాగే పంపండి."

ఆమె కుర్చీలోంచి లేచి గంతేసింది. చెల్లెలు ఈల వేసింది. ఇల్లంతా గోల గోల.

ఆ గోలకి పక్కగది తలుపు తోసుకుని, కడుపుతో ఉన్న ఆడవాళ్ళ కోసం ఆమె కుట్టిన గులాబీరంగు గౌనులోనే ఆయన బయటికొచ్చి మొత్తుకున్నాడు: "ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేది గౌను ఒక్కటే అయినప్పుడు ఏ బొమ్మకో తొడగొచ్చుగా, మిగతావన్నీ కూడా నేనే వేసుకోవాలా?"