మాట్లాడితే రాసేది

భద్రాచలం కంప్యూటర్ షాపులో అరుణశ్రీ మళ్ళీ అదే చెప్పింది. "మాట్లాడితే తెలుగులో రాసుకునే సాఫ్ట్‌వేరే కావాలన్నా."

"ఆఫీసుల్ల అందరు వాడేది ఎక్కిస్త చెల్లె," అన్నాడు షాపాయన. "కాన్వెంటుల చదివినవు, టైప్ కొట్టరాదా ఏంది?"

"నాకు కాదు, మా నానమ్మకు. తన కథ తనే రాసుకుంటుందట."

షాపాయన స్టూలు మీద కూర్చున్న పిచ్చమ్మను చూసి నవ్వాడు. "నువ్వు చెప్తుంటే మనవరాలు రాయదా అవ్వా?"

"రాసింది బిడ్డా. వాళ్ళ తాత నన్ను కొట్టిండని చెప్తే, తాతకు కోపం ఎక్కువని రాసింది. బొగ్గు బాయి యూనియన్ల పెద్దమనిషి గదా, పరువు పోతదంట."

అరుణశ్రీ తల వంచుకుంది. షాపాయన ఆమె అడిగిన సాఫ్ట్‌వేరే ఎక్కించి మైకు పిచ్చమ్మ ముందు పెట్టాడు. "ఏదన్న ఒక్క ముక్క చెప్పి చూడు."

పిచ్చమ్మ మైకు మీదికి వంగి మెల్లగా చెప్పింది. తెర మీద ఒక వాక్యం పడింది.

"ఏమొచ్చిందో చదువు," అంది మనవరాలితో.

షాపు నిండా జనం. నలుగురిలో గట్టిగా మాట్లాడే అలవాటు అరుణశ్రీకి లేదు. తెర వంక చూసి, లేచి నిలబడింది.

"నా మొగుడు సచ్చిన నాడు నేను కడుపు నిండ తిన్న, కంటి నిండ నిద్రపోయిన," అని అందరికీ వినబడేలా చదివింది.

తర్వాత షాపాయన వైపు తిరిగి, "ఇదే ఉంచండి," అంది.