సుహాసిని లెక్కల నోటు

తులసిబుజ్జీ,

మా సుహాసిని లెక్కల నోటు ఎంత వెతికినా దొరకలేదని, నెల్లిమర్ల దాకా వచ్చిన నీతో అన్నాను. నిజానికి వెతకనే లేదు.

బతికుండగా నా బిడ్డ సైన్సు కథల పుస్తకం తెచ్చి నాకు చదివి వినిపించేది. వేగంగా పోయేవాళ్లకి కాలం నెమ్మదిగా నడుస్తుందట. నాకు తెలిసిందని నేనంటే నవ్వేది.

"నీకు తెలిసినాది కతే అమ్మా. లెక్క సేసి తేలిస్తేనే సదువు."

పాడె మీద దానికి ఇష్టమైనది పెట్టమన్నారు. నాకర్థమైన కథల పుస్తకం దాచుకుని, ఏమీ అర్థంకాని ఆ నోటు దాని గుండెల మీద పెట్టి పంపేశాను. మీరిద్దరూ రెండేళ్లు చేసిన లెక్క అందులోనే ఉందని నువ్వొచ్చి చెప్పేదాకా తెలియదు.

"పోతే పోనీ పిన్నీ, మల్లీ మొదట్నించి సేస్తాను" అన్నావు.

చెయ్యి తల్లీ. వేళకి కడుపునిండా తిను.