ముద్దబంతి రంగు సొన

ఉడికిన గుడ్డు నడుమకు పట్టుదారం చుట్టి లాగింది జములమ్మ. రెండు చెక్కలూ విడిపోయాయి, కత్తితో కోసినా అంత నున్నగా రావు. సొనను కిటికీ వెలుగుకు పెట్టి చూసి, పళ్లెం పక్కకు నెట్టింది.

"నిమ్మకాయ రంగున్నది. నాకు ముద్దబంతి రంగు సొన కావాలె. తీస్కపో."

సంధ్యకు ఏడుపొక్కటే తక్కువ. అత్త కాలు విరిగి మంచం పట్టింది. ఎముక అతకాలంటే రోజూ గుడ్డు తినాలని, నెలన్నరకు మళ్లీ ఎక్స్‌రే ఫోటో తీసి చూస్తామని, అతకకపోతే ఇంకో ఆపరేషన్ తప్పదని గద్వాల దవాఖానలో గట్టిగా చెప్పి పంపారు. ఆవిడేమో పాలు తాగుతుంది, రొట్టె తింటుంది, గుడ్డు దగ్గరికొచ్చేసరికి పేచీ. నలభై ఏళ్లు మగ్గం మీద అంచుకూ కొంగుకూ రంగు జోడించిన మనిషి. ఆమె కంటికి ఆనని రంగును ఔననిపించడం ఎవరి తరం? మొగుడు శివశంకర్‌కు చెప్పుకుంటే, అమ్మ కన్ను తప్పుపోదని మగ్గం గుంతలోంచి తల ఎత్తకుండానే తీర్పిచ్చాడు.

పెరట్లో ఉన్నవి ఆరు కోళ్లు. వాటి గుడ్లకు వీధిలో పసిపిల్లల తల్లులు ముందే చెప్పిపెట్టుకున్నారు. వాళ్లకు పోగా మిగిలేది ఒక్కటి, అది అత్తది. దారం పడ్డ గుడ్డు ఇంకొకరికి ఇవ్వలేరు, పారేయడానికి చేతులు రావు. నిలబడే నోట్లో వేసుకుని సంధ్య బజారుకు బయల్దేరింది. అయిదో నెల కడుపు, నాలుగడుగులకే ఆయాసం. అయినా ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

దాణా అమ్మే అబ్దుల్ హమీద్ సంగతంతా విని, కోళ్లకు ఏం వేస్తున్నావని అడిగాడు. నూకలూ తవుడూ అంది సంధ్య.

"గందుకే తెల్లబడ్డది బిడ్డా. కోడి తిన్నదే గుడ్డులకు వస్తది. పసుపుపచ్చ మక్కజొన్నలు పలగ్గొట్టి వెయ్యి, మునగాకు వెయ్యి. బంతిరేకులు ఎండబెట్టి దంచి కలుపు. పది దినాలు ఓపిక పట్టాలె."

"రంగొస్తే బలమొచ్చినట్లేనా చాచా?"

"రంగు వేరు, బలం వేరు. బలానికి సోయపిండి, ఎండుచేపల పొడి పడాలె."

ఆ పది రోజులూ సంధ్యకు కాలు నిలవలేదు. పూలంగళ్లలో వాడిపోయిన బంతిమాలలు అడిగి తెచ్చి డాబా మీద ఆరబెట్టింది. అత్త నెట్టేసిన గుడ్డు రోజూ నిలబడే నోట్లో వేసుకుని పనిలో పడేది. తను అన్నం తిన్నదీ లేనిదీ గుర్తుండేది కాదు, ఏ కోడి మునగాకు ముట్టలేదో మాత్రం గుర్తుండేది. రాత్రి పడుకుంటే కళ్లముందు సొనలు తిరిగేవి.

పదకొండో రోజు రంగొచ్చింది. జములమ్మ దారం లాగి, తేరిపార చూసి, ఇది ముద్దబంతి దాటి కనకాంబరం అయిందని పళ్లెం నెట్టింది. రేకులు తగ్గిస్తే పసుపుకొమ్ము రంగంది. ఆ రంగు ఎలాగో కుదిరిన రోజున చేపల వాసనంది. చేపల పొడి తగ్గించింది సంధ్య. వీధిలో తల్లులు మాత్రం ఈ మధ్య గుడ్లు ఎంత బాగున్నాయో అని మెచ్చుకుంటున్నారు. ఊరందరికీ నచ్చిన గుడ్డు ఇంట్లో మనిషికి నచ్చకపోతే ఎవరితో మొరపెట్టుకోవాలి? ఫోటో తీసే రోజు దగ్గర పడేకొద్దీ ఆమె మిగిలిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టుకోసాగింది.

"నువ్వు లేచి నడుస్తవా లేదా అత్తమ్మా? ఇంకోపారి కాలు కోపిచ్చుకుంటవా?" అని ఒకరోజు గట్టిగానే అడిగింది.

"రంగు కుదరనీ, తింట," అంది జములమ్మ.

ఆ వారమే నర్సు గజాలా కడుపుతో ఉన్నవాళ్లను చూడడానికి వచ్చింది. సంధ్య వేలికి సూది పొడిచి చూసి, రెండు నెలల కింద ఎనిమిదే ఉన్న రక్తం ఇప్పుడు పది దాటిందని, మాత్రలు ఆపవద్దని, తింటున్నదే తినమని చెప్పింది. జములమ్మ మంచం మీంచి ఆ లెక్క రెండుసార్లు చెప్పించుకుంది. సంధ్య సగమే విన్నది. పొద్దున ముంగిస జొరబడి కోళ్లు బెదిరాయి, ఒక్కటీ గుడ్డు పెట్టలేదు. ఇప్పుడు అత్తకు ఏం పెట్టాలన్నదే ఆమె రంధి.

దిక్కులేక కిరాణా దుకాణం నుంచి ఒక గుడ్డు తెచ్చి ఉడకబెట్టింది. పక్కన దారం పెట్టి, తిట్లకు సిద్ధపడి నిలబడింది.

జములమ్మ దారం ముట్టుకోలేదు. గుడ్డు తీసి కొరికింది. సొన సున్నం కొట్టిన గోడలా పాలిపోయి ఉంది. ఆమె దానివంక చూడనైనా చూడకుండా ఇంకో ముక్క కొరికింది.

"దుకాణం గుడ్డు అత్తమ్మా అది. రంగే లేదు. ఎట్ల తింటున్నవు?"

జములమ్మ నింపాదిగా నమిలి మింగింది. కోడలి చెయ్యి పట్టి మంచం మీద కూర్చోబెట్టుకుంది.

"నీకు రక్తం పెరిగింది గద, ఇగ నా గుడ్డు నేనే తింట."