గోడవార స్టూలు

బుగ్గయ్య మళ్ళీ పడ్డాడు. అదే స్టూలు, అదే గడప.

టీచరమ్మ వేదవతి లేపబోయి, తన పాఠం తనకే గుర్తొచ్చి ఆగిపోయింది. చూపు పోయిన మనిషి తనంతట తానే లేవాలి. బుగ్గయ్య గోడ పట్టుకొని లేచాడు. మోకాలు చీరుకుపోయింది.

"స్టూలు గోడవారనే ఉండాలని ఎన్నిసార్లు చెప్పానమ్మా?" అంది ఆమె, బుగ్గయ్య భార్య కాశమ్మ వైపు తిరిగి.

"నేను ముట్టలే మేడం."

"మరి నడిచొచ్చిందా?"

ఇంట్లో ఉండేదే ఇద్దరు. అందులో ఒకరికి కళ్ళు లేవు.

"దాన్నేం అనకు టీచరమ్మా," అన్నాడు బుగ్గయ్య మోకాలు ఊదుకుంటూ. "పన్ల వడి మర్సిపోతది. నా నసీబు గిట్లున్నది."

ఆ మెత్తటి మాట కాశమ్మకు చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది. చెంపదెబ్బలు ఆమెకు కొత్త కాదు గనక పోల్చుకోగలిగింది.

కంకర లారీ నడిపినన్నాళ్ళూ బుగ్గయ్య ఇంటికొచ్చాడంటే ఆమె ఒళ్ళు బిగుసుకుపోయేది. కూరలో ఉప్పు ఎక్కువైతే గిన్నె గోడకు, తక్కువైతే ఆమె మీదికి. ఎక్కడికైనా పోతానంటే కాళ్ళు విరగ్గొడతాననేవాడు. ఒకసారి ఆ పని సగం చేశాడు కూడా. తర్వాత షుగరొచ్చి అతని కళ్ళను తినేసింది. ఇక చూపు రాదని దవాఖానలో చెప్పిన నాడు కాశమ్మ ఏడ్చింది. మొగుడి కోసమనుకున్నారు వాడకట్టు ఆడవాళ్ళు. కొట్టినన్నాళ్ళూ పోలేక, ఇప్పుడు ఇట్లాంటి మనిషిని వదిలి ఎట్లా పోవాలని ఆమె ఏడ్చింది.

దారి చూపించింది వేదవతే. పట్నంలోని ఒక సంస్థ తరఫున వచ్చి, బుగ్గయ్యకు ఇంట్లోనే నేర్పేది. కర్రతో నడవడం. గ్యాసు పొయ్యి వెలిగించుకోవడం. గ్లాసు అంచు మీద వేలు పెట్టి చాయ్ పోసుకోవడం. ఉప్పు డబ్బాకు రబ్బరు బ్యాండు వేసి, చక్కెర డబ్బాకు వెయ్యకుండా, తేడా పట్టడం. ఇంట్లో ఏ వస్తువూ చోటు మారకూడదు, ఇక నుంచి చెవులే కళ్ళు అని చెప్పేది. చెవుల పాఠం బుగ్గయ్యకు చెప్పనక్కర్లేదు. చెప్పుల చప్పుడును బట్టి వీధిలో పోయేదెవరో చెప్పేసేవాడు.

మొదట్లో అతను నేర్చుకున్న తీరుకు వేదవతే ముక్కున వేలేసుకుంది.

ఆ ధైర్యంతోనే కాశమ్మ ఒకరోజు ఆమెను సాగనంపుతూ, కిటికీ దాటాక గొంతు తగ్గించి సంగతి చెప్పింది. నాదర్‌గుల్‌లో ఆడపిల్లల హాస్టల్లో వంట పని ఉంది. ఉండడానికి గది ఇస్తారు. అక్కడే పనిచేసే అనంతమ్మ అడిగి పెట్టింది.

"ఆయన చాయ్ ఆయన పెట్టుకొని, గింత బువ్వ ఒండుకున్న నాడు నేను పోత మేడం. ఆకలికి సావమని ఇడిసిపెట్టి పోలేను. చేతనైనంక మాత్రం ఒక్క పూట ఉండ."

వేదవతి ఆమె చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

ఆ వారం నుంచే పాఠాలు ఎదురు తిరిగాయి. స్టూలు గడపకు అడ్డం వచ్చేది. తలుపు మూల ఉండాల్సిన కర్ర మంచం కింద తేలేది. రబ్బరు బ్యాండు చక్కెర డబ్బా మీద కనిపించేది. ఉప్పేసిన చాయ్ తాగి వేదవతి మొహం మాడ్చుకుంది. కాశమ్మ పొద్దున్నే లేచి ఒక్కోటీ సర్దేది, చేత్తో తాకి మరీ చూసుకునేది. టీచరమ్మ వచ్చేసరికి ఏదో ఒకటి మారి ఉండేది. నాకే మతి పోతున్నదా అని ఆమెకే అనుమానం పట్టుకుంది.

ఇవాళ వేదవతి సంచి భుజానికి తగిలించుకుంటూ తేల్చేసింది.

"పైకి పోతానంటారు. లోపల మాత్రం ఆయన మీ చేతికిందే ఉండాలని మీకుంది. ఇలాంటి ఇళ్ళు చాలా చూశానమ్మా. ఇక నేను వచ్చి లాభం లేదు."

ఆమె అటు వెళ్ళగానే అనంతమ్మ ఫోను. పని మీద ఇక్కడికే, ఇబ్రహీంపట్నం వచ్చిందట, బస్టాండులో ఉందట. వస్తావో రావో ఇప్పుడే చెప్పు, రేపటికి ఇంకొకరిని పెట్టుకుంటారు అంది.

"జల్ది రా," అన్నాడు బుగ్గయ్య మంచం మీది నుంచి. "నువ్వు లేకుంటే నీళ్ళు గూడ ముంచుకోలేను."

కాశమ్మ బస్టాండుకు పోయి, రానని చెప్పేసింది.

"గాడనే ఉండి సావు," అంది అనంతమ్మ.

తిరిగొస్తుంటే చెప్పు తెగింది. రెండూ చేత పట్టుకొని, ఉత్త కాళ్ళతో ఇల్లు చేరింది. కిటికీ దగ్గర ఆగిపోయింది.

బుగ్గయ్య పొయ్యి ముందు నిలబడి ఉన్నాడు. చేతిలో కర్ర లేదు. నీళ్ళ మరుగు విని చాయ్‌పత్తా వేశాడు. రబ్బరు బ్యాండు లేని డబ్బా తీసి చక్కెర వేశాడు. గ్లాసు అంచు మీద వేలు పెట్టి పోశాడు. చుక్క ఒలకలేదు. తీరిగ్గా తాగి, గ్లాసు కడిగి బోర్లించాడు.

కాశమ్మ గుండె ఎగిరింది. నేర్చుకున్నాడు. అనంతమ్మ ఎక్కే బస్సు ఇంకా కదిలి ఉండదు.

అప్పుడు బుగ్గయ్య ఏమాత్రం తడుముకోకుండా రబ్బరు బ్యాండును ఉప్పు డబ్బా నుంచి చక్కెర డబ్బాకు మార్చి, గోడవారనున్న స్టూలును ఎత్తుకొచ్చి గడపకు అడ్డంగా పెట్టి, దాని పక్కనే బండల మీద మెల్లగా పడుకొని, వీధిలో ఆమె చెప్పుల చప్పుడు కోసం చెవి పెట్టాడు.